ఆ పక్షి ముక్కు రంగు

మా తోడల్లుడు పోయారన్న కబురు వచ్చేటప్పటికి నేను మార్టూరులో ఒక పెళ్ళి తీస్తున్నాను. తలంబ్రాలు మొదలయ్యాయి. జేబులో సెల్లు రెండుసార్లు మోగి ఆగింది. మూడోసారి మోగితే పందిరి పక్కకు వచ్చి ఎత్తాను. మా ఆవిడ. "బావ పోయారండీ" అంది.  నేను ఫోను జేబులో పెట్టుకుని, మళ్ళీ పీటల దగ్గరకు వెళ్ళి, తలంబ్రాలు పూర్తయ్యేదాకా తీసి, అప్పుడు బయల్దేరాను. తలంబ్రాలు నాకోసం మళ్ళీ పోసుకోరు కదా. అదే ఆయనైతే కెమెరా అక్కడే దించేసి దొరికిన బస్సు ఎక్కేసేవారు. దారిలో ఆ సంగతి తట్టింది. పోయిన మనిషి మీద కూడా నాకు ఒళ్ళు మండింది.

ఆయన దగ్గర సైన్సు చదువుకున్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. మాస్టారి జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నామని, అందులో నేను తప్పకుండా రాయాలని స్టూడియోకి వచ్చి మరీ అడిగారు. "మీరు ఆయనకు కెమెరా గురువు కదండీ, మాస్టారే చెప్పేవారు" అన్నారు. వాళ్ళు అడిగింది కృతజ్ఞతతో నిండిన నాలుగు మంచి మాటలు. ఆ మాటలు రాస్తాను. కానీ ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఆయనంటే నాకు అసూయ. ఎప్పుడో ఒకసారి కలిగిన అసూయ కాదు, పన్నెండేళ్ళు మేపిన అసూయ.

ఆయన మా ఆవిడ అక్కగారి భర్త. మార్టూరు అవతల ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారు. నాకు చిలకలూరిపేటలో హైవే పక్కన ఫొటో స్టూడియో. తోడల్లుళ్ళ సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అత్తగారు ఎవరి విస్తట్లో ముందు నెయ్యి వేసిందో ఇద్దరికీ కనపడుతుంది, ఇద్దరూ చూడనట్టు ఉంటారు. నేను ఆయన్ని అన్నయ్యగారూ అనేవాణ్ణి. ఆయన నన్ను తమ్ముడూ అనేవారు. ఆయన పిలుపులో కల్మషం లేదు. ఉన్నదంతా నా వైపే.

ఫొటోలు నా వృత్తి. ఆయన ఎవరి దగ్గరో కొన్న పాత కెమెరా, దానికి తగిలించే పొడుగాటి పాత లెన్సు పట్టుకుని నా స్టూడియోకి వచ్చి, "తమ్ముడూ, దీనిలో రీలు ఎలా వెయ్యాలో చూపించు" అన్నారు. చూపించాను. నేను ఆయనకు నేర్పింది అంతే. కానీ ఆ రోజు నుంచి ఊరూవాడా "నాకు కెమెరా నేర్పింది మా తమ్ముడు" అని చెప్పుకు తిరిగారు. గొప్ప ఫొటో ఒకటి తీసి, పక్కనున్న నన్ను చూపించి ఆ మాట అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. పొగడ్త కూడా ఒక్కోసారి కారం రాసినట్టు ఉంటుంది.

మామగారి ఊరు పర్చూరు పక్కన. మాఘ ఫాల్గుణాల్లో ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోస్తారు. ఒక మధ్యాహ్నం ఆయన ఆ కళ్ళం అంచున బోర్లా పడుకుని ఉన్నారు. ముక్కుకి తుండు కట్టుకున్నారు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఏం చేస్తున్నారు అన్నయ్యగారూ?" అన్నాను.

"ష్. ఆ మనిషి వస్తున్నాడు."

పక్షుల్ని ఆయన మనిషి అనేవారు. వచ్చిన మనిషి ఒక పికిలిపిట్ట. పండు మిరపకాయను ముక్కున కరుచుకుని, కనుచూపు మేర పరుచుకున్న ఆ ఎరుపు మీద అటూ ఇటూ చూసింది. ఆయన తుమ్ము ఆపుకుని ఒక్కటంటే ఒక్కటే నొక్కారు. పిట్ట ఎగిరిపోయాక పదకొండుసార్లు తుమ్మారు. "దానికి కారం తెలియదు తమ్ముడూ. ఈ బాధంతా మనకే" అన్నారు.

ఆ ఫొటో నేనే పెద్దది చేయించి ఇచ్చాను. మామగారు దాన్ని హాల్లో మేకుకు తగిలించారు. అప్పటిదాకా ఆ మేకుకు ఉన్నది నేను తీసిన ఫ్యామిలీ గ్రూపు. అది వెనక గదిలోకి, బియ్యం బస్తాల పైకి వెళ్ళింది. ఆ గ్రూపు మధ్యలో మామగారు కూడా ఉన్నారు, కొత్త పంచెతో, కాలు మీద కాలు వేసుకుని. అయినా ఆయనకు పిట్టే కావలసి వచ్చింది. నేను ఆ కళ్ళాల్లో ఎన్నిసార్లు తిరిగానో. నాకు మిరపకాయలు కనపడ్డాయి, కూలీలు కనపడ్డారు, పిట్ట మాత్రం ఒక్కనాడూ కనపడలేదు.

తొంభై తొమ్మిది ప్రాంతంలో, దసరా సెలవులకి, ఆయన తోటి మాస్టార్లతో కలిసి మద్రాసులో ఓడెక్కి అండమాన్ దీవులకు వెళ్ళివచ్చారు. రీళ్ళు నా చేతికే ఇచ్చారు. గుంటూరు కలర్ ల్యాబు నుంచి కవర్లు బస్సులో వచ్చాయి. షట్టరు సగం దించుకుని ముందు నేనొక్కణ్ణే చూశాను. మడ చెట్టు వేరు మీదకి ఎక్కి కూర్చున్న చేప. తెల్ల పొట్ట సముద్రపు గద్ద, గోళ్ళలో పాము. ఇసుకలో గీత గీసినట్టు వరసగా నిలబడిన ఎర్ర పీతలు. కౌంటరు ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. బయట పత్తి లారీలు వెళ్తున్నాయి, ఎవరో పాస్‌పోర్టు సైజు కోసం వచ్చి పిలుస్తున్నారు. నాకు వినపడుతూనే ఉంది, లేవబుద్ధి కాలేదు.

ఆయన వచ్చాక ఏమన్నానో తెలుసా? "చేప కొంచెం షార్ప్ తగ్గింది అన్నయ్యగారూ."

"అవునా? ఎలా తియ్యాల్సింది?" అని జేబులోంచి చిన్న పుస్తకం తీసి, నేను చెప్పిన చెత్తంతా శ్రద్ధగా రాసుకున్నారు. చేప అద్దంలా ఉంది. ఆయనకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు.

ఆ ప్రయాణంలో ఆయన తియ్యలేకపోయిన ఫొటో ఒకటుంది. ఆల్బమ్ చూపించినప్పుడల్లా ఆఖరి పేజీ దాటాక దాని గురించే చెప్పేవారు. పోర్ట్ బ్లెయిర్‌కి దక్షిణాన చిడియా టాపు అని ఒక చోటుంది, పిట్టల దీవి అని దాని అర్థం. అక్కడ అడవి బాట పక్కన కాలవ దాటుతూ ఎర్రగా, కోడిపెట్టకన్నా చిన్నగా ఒక పక్షి కనపడి మాయమైంది. వీపూ తోకా తప్ప చూడలేదు. ఆయన దగ్గర ఉన్న పక్షుల పుస్తకం ప్రకారం అది ఆ దీవుల్లో తప్ప భూమ్మీద ఎక్కడా లేని ఒక నీటికోడి. అయితే అది అదేనని చెప్పాలంటే ముక్కు చూడాలి. ముక్కు ఆకుపచ్చగా ఉండాలి. పుస్తకంలో తాను చూసిన ప్రతి పక్షి పక్కన సిరాతో టిక్కు పెట్టుకునేవారు. దీని పక్కన మాత్రం పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టారు.

"చూడందే టిక్కు పెడితే పిల్లలకు మార్కులు ఊరికే వేసినట్టు" అనేవారు.

నాలుగేళ్ళ తర్వాత, మళ్ళీ దసరా సెలవులకి, "నువ్వూ రావాలి తమ్ముడూ. నువ్వు పక్కనుంటే ఫొటో వస్తుంది" అన్నారు. పెళ్ళిళ్ళ సీజన్ కాదు. ఇంట్లో మా ఆవిడ "వెళ్ళండి, మా బావ పక్కన నాలుగు రోజులుంటే మీకూ కాస్త ఓపిక వస్తుంది" అంది. ఆ మాటతో వెళ్ళి తీరాలనిపించింది. ఓపిక కోసం కాదు. ఆ పక్షిని ఆయనకన్నా ముందు నేను కొట్టాలని, అదీ కెమెరాతో.

ఓడలో మూడు రోజులు. ఆయన సంచిలో నా స్టూడియో నుంచి పట్టుకెళ్ళిన ఖాళీ రీలు డబ్బీలు పదిహేనో ఇరవయ్యో ఉన్నాయి. ఒకదానిలో కందిపొడి, ఒకదానిలో గోంగూర, ఒకదానిలో ఉప్పు, ఒకదానిలో వాము. అసలు రీళ్ళు కూడా అలాంటి డబ్బీల్లోనే ఉన్నాయి. ఒకరోజు కెమెరాలో వెయ్యబోయి కందిపొడి డబ్బీ విప్పారు. నవ్వి, "సరే, ముందు అన్నం తిందాం" అన్నారు. ఆయనతో ఉంటే ఏ పొరపాటైనా అక్కడితో అయిపోయేది. నాకు అలా అవదు. నేను దాన్ని నెలల తరబడి నములుతూ ఉంటాను.

చిడియా టాపుకి పొద్దున్నే మొదటి బస్సులో వెళ్ళేవాళ్ళం. వాన పడి వెలిసేది, మళ్ళీ పడేది. జలగలు. అడవిలోకి పోయే మట్టి బాట, ఎప్పుడో వెళ్ళిన లారీ టైర్ల గాడి, ఒక పక్క కాలవ. కాలవ ఎదురుగా ఒక పొద పక్కన ఆయన బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. నేను ఆయన కుడివైపు, కాస్త వెనగ్గా. మొదటిరోజు ఆయన చెట్టు బెరడు మీద పచ్చటి బల్లిని చూపించారు. ఆయన వేలుపెట్టి చూపించాక కూడా దాన్ని పోల్చుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. రెండోరోజు సముద్రపు గద్ద గూడు. మూడోరోజు చెట్టు తొర్రలోంచి తొంగిచూసే నల్ల వడ్రంగి పిట్ట. అన్నీ ఆయనకే ముందు కనపడ్డాయి. ప్రతిసారీ పక్కకు జరిగి, "నువ్వు తియ్యి ముందు, ఇక్కణ్ణించి బాగుంటుంది" అని తన చోటు నాకిచ్చేవారు. ఇచ్చిన చోట కూర్చుని తియ్యడం కన్నా చిన్నతనం ఇంకోటి లేదు. తీసుకున్నాను, తీశాను.

"మనం ఇక్కడ ఉన్నామన్న సంగతి వాళ్ళు మర్చిపోవాలి తమ్ముడూ. అప్పటిదాకా కూర్చోవడమే మన పని" అన్నారు మూడోరోజు. నా వృత్తిలో దీనికి సరిగ్గా తలకిందులు. పెళ్ళి పందిట్లో నేను ఉన్నానని అందరికీ తెలియాలి. "ఇటు చూడండి, వదినగారూ కొంచెం జరగండి, తలెత్తమ్మా, రెడీ!" అని వంటల దగ్గరున్న వాళ్ళకి కూడా వినపడేలా అరవాలి. ఆ "రెడీ" అనకుండా నా వేలు మీటను నొక్కదు. ఇంట్లో పసిపిల్లల్ని తీసినా అంతే. ఈ అలవాటు మా చుట్టాలందరికీ తెలుసు.

నాలుగోరోజు మాకు ఆఖరిది. మర్నాడు ఓడ. ఎనిమిది గంటలప్పుడు వాన వెలిసి, కాలవ అంచున ఫెర్న్ ఆకులు కదిలాయి. ఆయన వేలు పైకెత్తారు. ఎర్రటి పక్షి కాలవలోంచి బాట మీదకు ఎక్కింది. వీపు మావైపు ఉంది. తోక పైకీ కిందకీ ఆడిస్తూ రెండడుగులు వేసి నిలబడింది. ఆయన కెమెరా కంటికి పెట్టుకుని ఉన్నారు. అది ఇటు తిరగాలి, అంతే. తిరిగితే ఆయనకు ముక్కు కనపడుతుంది, ఫొటో పడుతుంది. ఆయనకూ పక్షికీ మధ్య ఒక్క ఆకు అడ్డం లేదు. నా లెన్సు ముందు మాత్రం ఫెర్న్ మట్ట అడ్డంగా ఉంది. పక్కకు జరిగితే చప్పుడవుతుంది. నాకు ఫొటో రాదని తెలిసిపోయింది. ఆయనకు వస్తుందనీ తెలిసిపోయింది. ఆ మేకూ, ఆ హాలూ, బియ్యం బస్తాలూ అన్నీ ఒక్కసారి కళ్ళముందుకు వచ్చాయి.

"రెడీ!" అన్నాను.

పందిట్లో అన్నట్టే అన్నాను. ఆయన ఉలిక్కిపడి కెమెరా దించి నావైపు తిరిగారు. "రెడీ" అంటే మనిషి ఫొటోగ్రాఫర్‌కేసే చూస్తాడు, ఎవరైనా అంతే. మళ్ళీ బాట వైపు తిరిగేసరికి బాట ఖాళీ.

"నీకు పడిందా తమ్ముడూ?" అన్నారు, మళ్ళీ నావైపు తిరిగి. ఆ గొంతులో ఆశ ఉంది. నాకు పడి ఉంటే ఆయనకు చాలు.

"లేదు. అలవాటులో వచ్చేసింది అన్నయ్యగారూ" అన్నాను.

లెన్సుకు మూత పెట్టారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. పొద పట్టుకుని, ఆయాసం వచ్చేదాకా నవ్వారు. "దానికి బొట్టు పెట్టి కుర్చీ వేద్దామనుకున్నావటయ్యా!" అన్నారు. ఆ రోజు నుంచి మా చుట్టాల్లో ఇదొక కథ అయిపోయింది. ప్రతి పెళ్ళిలో, ప్రతి గృహప్రవేశంలో ఆయనే చెప్పేవారు. "మావాడికి ఎదురుగా ఎవరున్నా రెడీ అనందే వేలు కదలదు. అదేమో పెళ్ళికూతురు కాదాయె" అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. అలవాటు మాట నిజమే, కాదనను. కానీ నోరు తెరవడానికి ముందు రెప్పపాటు కాలం ఉంది. ఆ రెప్పపాటులో నాకు అన్నీ తెలుసు. ఆయనకు ఆ అనుమానం వచ్చిందో లేదో నేను చెప్పలేను. వస్తే ఆయన ఆ కథను నన్ను కాపాడటానికి చెప్పినట్టు. రాకపోతే ఆయన నన్ను నమ్మినట్టు. రెండిట్లో ఏదైనా నాకు అసూయగానే ఉంది.

కథ విన్నవాళ్ళలో ఎవరో ఒకరు ఎప్పుడూ అడిగేవారు. "ఇంతకీ అక్కడ పక్షి ఉందా మాస్టారూ, లేక మీరిద్దరూ ఊరికే చెబుతున్నారా?" ఆయన నన్ను చూపించేవారు. "వాణ్ణి అడగండి. వాడు నాకన్నా బాగా చూశాడు." నేను, "ఏదో ఎర్రగా కదిలిందండీ. కోడేమో" అనేవాణ్ణి. అందరూ ఇంకాస్త గట్టిగా నవ్వేవాళ్ళు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు.

ఇంటికి వెళ్ళేముందు, ఎవరూ లేనప్పుడు, నన్ను పక్కకు పిలిచి, "తమ్ముడూ, ముక్కు నువ్వు చూశావా? ఏ రంగు?" అనేవారు. ఆరేళ్ళలో ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. ప్రతిసారీ మొదటిసారి అడిగినట్టే అడిగేవారు, విసుగు లేకుండా, తొందరపెట్టకుండా. ఆకుపచ్చ అని నా చేత అనిపించుకోవడానికి కూడా ప్రయత్నించలేదు, ఏ రంగు అనే అడిగారు. "సరిగా చూడలేదు అన్నయ్యగారూ" అనేవాణ్ణి. "పోనీలే, ఈసారి వెళ్ళినప్పుడు చూద్దాం" అనేవారు.

గుండె జబ్బుతో గుంటూరు ఆసుపత్రిలో చేర్చినప్పుడు రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి మంచం పక్కన డిజిటల్ కెమెరాల గురించి మాట్లాడాం. ఇప్పుడు వందలు వందలు నొక్కేయచ్చు, రీలు అయిపోతుందన్న భయం లేదు అని నేనంటే, "భయం లేకపోతే చూడటం కూడా తగ్గిపోతుందేమో" అన్నారు. లేచి వస్తుంటే అడిగారు, అదే ప్రశ్న. ఆ రోజు చెబుదామని నోటిదాకా వచ్చింది. వదిన ఫ్లాస్కుతో లోపలికి వచ్చింది. వదిన వచ్చింది కనక చెప్పలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది అబద్ధం. వదిన ఉంటే ఏం? చెప్పచ్చు.

అంత్యక్రియలకి వచ్చిన జనాన్ని చూశాను. మార్టూరు రాళ్ళ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, లారీ డ్రైవర్లు, ఒంగోలులో ఆఫీసర్లు, అందరూ ఆయన పిల్లలే. ఒకతను తన కొడుక్కి లకుముకి పిట్ట పేరు చెప్పింది మాస్టారేనని ఏడ్చాడు. నేను కొన్ని వందల పెళ్ళిళ్ళు తీశాను. నేను పోతే ఎంతమంది వస్తారో అని అక్కడే, ఆయన్ని ఎత్తకముందే, లెక్కవేసుకున్నాను. చూడండి నా బుద్ధి.

పదకొండో రోజు భోజనాలయ్యాక వదిన నన్ను పిలిచింది. "మరిదిగారూ, మీ అన్నయ్య ఆఖరిరోజు పొద్దున, తమ్ముడికి ఆ ముక్కు రంగు గుర్తొచ్చిందేమో ఫోను చేసి అడుగు అన్నారు. ఈ అవస్థలో పిట్టల గోలేంటని కసిరాను. చెయ్యలేదు" అని కళ్ళు తుడుచుకుంది. చెయ్యనందుకు తప్పు తనదనుకుంటోంది. ఆవిణ్ణి అలా అనుకోనివ్వలేను. ఈ నాలుగు పేజీలు రాయడానికి అసలు కారణం అది.

అన్నయ్యగారూ, నాకు గుర్తురావడానికి ఏమీ లేదు. నేనెప్పుడూ మర్చిపోలేదు. చెబితే ఆ పక్షి మీదవుతుంది. చెప్పకపోతే అది నా ఒక్కడిది. అన్నిట్లో మీరే ముందు చూశారు, ఇదొక్కటి నేను చూశాను, దాన్ని మీకు ఇవ్వబుద్ధి కాలేదు. ముక్కు ఆకుపచ్చ. లేత పచ్చిమిరపకాయ ఆకుపచ్చ. పొట్ట మీద నలుపూ తెలుపూ చారలు. మీరు నావైపు తిరిగిన క్షణాన అది ఇటు తిరిగి, కెమెరా కోసం నిలబడ్డట్టు నిలబడి, మనిద్దరినీ చూసింది. అది కోడి కాదు. మీరు అనుకున్నదే.

ఇంకొకటి ఉంది. మీకు తెలియదు కనక మీరు అడగలేదు. అది బాట దాటి అవతలి పొదలోకి పరుగెత్తాక, మీరు ఖాళీ బాట చూసి మళ్ళీ నావైపు తిరగగానే, కాలవలోంచి దాని రెండు పిల్లలు ఎక్కాయి. బొగ్గు నలుపు, బొటనవేలంత. మొదటిది గబగబా దాటిపోయింది. రెండోది టైరు గాడిలో జారి నీళ్ళలో పడి, లేచి, మళ్ళీ జారి, ఒక గడ్డిపోచ పట్టుకుని ఎలాగో పైకెక్కి, ఒళ్ళు దులుపుకుని తల్లి వెళ్ళిన వైపు చూసింది. దాని దారిన అది నిదానంగా, మీ వీపు వెనక నాలుగడుగుల దూరంలో, బాటంతా నడుచుకుంటూ వెళ్ళింది. మీరు నా మొహంలోకి చూస్తూ, నీకు పడిందా తమ్ముడూ అని అడుగుతున్నారు.